గుర్రమా, పందెమా, మంచు రోడ్డా: పాత అమెరికన్ ట్రాటింగ్ బొమ్మల్లో ఏది కొనాలి?

పాత అమెరికన్ గుర్రప్పందెం అచ్చుబొమ్మ చేతికి రాగానే నా చూపు ముందు అడుగున ఉండే అంకె మీదికి పోతుంది. 2.29½. 2.19¾. 2.14. 2.08¾. గుర్రం పేరు కింద సన్నటి అక్షరాల్లో అచ్చయి ఉంటుంది. మైలు దూరాన్ని ఆ గుర్రం ఎన్ని నిమిషాల ఎన్ని సెకన్లలో దాటిందో చెప్పే లెక్క అది. 150 ఏళ్ల కిందట న్యూయార్క్ నాసౌ వీధిలో బొమ్మల కొట్టు అద్దం ముందు నిలబడ్డవాళ్లు కూడా ముందు దాన్నే వెతుక్కుని ఉంటారని నా ఊహ.

మొన్న న్యూజెర్సీ ఎడిసన్‌లో ఇల్లు కొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, హాల్లో ఫైర్‌ప్లేస్ పైన పాత గుర్రబ్బండి బొమ్మ ఒకటి పెడదామనుకుంటున్నా. ఆన్‌లైన్లో చూస్తే నలభై డాలర్లకీ ఉంది, నాలుగు వేలకీ ఉంది. నా కంటికి రెండూ ఒకటే. ఏం తీసుకోమంటావ్?" అని. ఫోన్‌లో తేలే విషయం కాదు, రాసి పంపిస్తానన్నాను. రాయడం మొదలుపెడితే ఇంత అయింది. న్యూజెర్సీలో మనవాళ్లకి ఈ బొమ్మల మీద మోజు కలగడంలో వింతేమీ లేదు కూడా. మనం రోజూ రైలెక్కే హోబోకెన్ దగ్గరే బీకన్ కోర్స్ అనే పందెపు మైదానం ఉండేది. ఈ కథలో మొదటి పెద్ద అంకె అక్కడే పుట్టింది.

ముందు ఆ నడక సంగతి

జట్కా ఎక్కిన తరం వాళ్లకి ఇది వివరించక్కర్లేదు. జట్కా గుర్రం రోడ్డు మీద టక టక, టక టక మని రెండు దెబ్బల తాళంలో పోయేది చూడండి, అదే ట్రాట్. ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు ఒక్కసారి లేస్తాయి. అవి దిగేసరికి మిగతా రెండూ లేస్తాయి. ఒకే పక్కనున్న రెండు కాళ్లూ కలిసి కదిలితే దాన్ని పేసింగ్ అంటారు. అమెరికాలో రెండింటికీ పందేలు ఉన్నాయి గానీ, ఈ బొమ్మల కాలంలో రాజ్యమేలింది ట్రాట్. గుర్రం ఎంత వేగంగానైనా పోవచ్చు, దౌడు మాత్రం తీయకూడదు. ఆవేశంలో దౌడులోకి జారిందా, తోలేవాడు పగ్గాలు బిగించి మళ్లీ ట్రాట్‌లోకి తేవాలి. ఈలోగా పక్కవాడు దాటేస్తాడు. పందెంలోని ఉత్కంఠ అంతా ఆ బిగింపులోనే ఉంది. మన పాత నిఘంటువులు గుర్రపు నడకలను ఆస్కందితం, ధౌరితకం, రేచితం, వల్గితం, ప్లుతం అని ఐదు ధారలుగా చెప్పాయి కదా, అమెరికన్లు అందులో ఒక్కదాన్ని పట్టుకుని దేశమంతటికీ పిచ్చి ఎక్కించుకున్నారన్నమాట.

ఎందుకంత పిచ్చి అంటే, దౌడు పందేల గుర్రాన్ని సాకడం జమీందారీ వ్యవహారం. ట్రాటర్ అలా కాదు, రోజూ బండి లాగిన గుర్రమే పందెం కూడా కొట్టవచ్చు. లేడీ సఫోక్ అనే తెల్లబూడిద రంగు ఆడగుర్రం మొదట ఆల్చిప్పలమ్మే బండి లాగేదనీ, డేవిడ్ బ్రయన్ అనే ఆయన దాన్ని 112 డాలర్ల 50 సెంట్లకు కొన్నాడనీ చెబుతారు. 1845లో బీకన్ కోర్స్‌లో అది మైలును 2 నిమిషాల 29½ సెకన్లలో దాటింది. ట్రాటింగ్‌లో రెండున్నర నిమిషాల గీత చెరిపేసిన మొదటి గుర్రం అదే. న్యూయార్క్ రాష్ట్రం ఆరెంజ్ కౌంటీలో విలియం రిస్‌డిక్ అనే పాలేరు తల్లినీ పిల్లనూ కలిపి 125 డాలర్లకు కొన్నాడు. ఆ పిల్ల పేరు హాంబుల్టోనియన్. 1849లో పుట్టి 1876 దాకా బతికి, 1,300కి పైగా పిల్లలకు తండ్రయింది. ఇవాళ అమెరికాలో పరుగెత్తే ట్రాటర్ల వంశం తవ్వుకుంటూ పోతే దాదాపు అన్నీ ఆ మగగుర్రం దగ్గరే తేలతాయి. ఏటా మన పక్కనే మెడోలాండ్స్ పందెపు మైదానంలో జరిగే పెద్ద పందేనికి దాని పేరే.

ఎవరు అచ్చు వేశారు

చాలామంది చాలా వేశారు గానీ, మార్కెట్లో పది బొమ్మలు కనిపిస్తే ఎనిమిది మీద 'కరియర్ అండ్ ఐవ్స్' అనే పేరే ఉంటుంది. నథానియల్ కరియర్ 1830ల్లో లితో ప్రెస్, అంటే రాతి అచ్చు ప్రెస్, పెట్టాడు. జేమ్స్ మెరిట్ ఐవ్స్ లెక్కలు చూడ్డానికి వచ్చి 1857లో భాగస్వామి అయ్యాడు. 1907లో దుకాణం మూసేదాకా ఏడు వేల పైచిలుకు రకాల బొమ్మలు వేశారు: నిప్పంటుకున్న ఓడలు, దేవుడి పటాలు, చిన్నపిల్లలు, రాజకీయ నాయకులు, పడవలు, రైళ్లు. వాటిలో గుర్రాలే కొన్ని వందలు. రవివర్మ ప్రెస్ లక్ష్మీ సరస్వతుల్ని మన ఇళ్లలోకి తెచ్చినట్టే, వీళ్లు గుర్రాలను అక్కడి మంగలి దుకాణాల్లోకీ, సారాయి కొట్లలోకీ, గుర్రపుశాలల్లోకీ తెచ్చారు. కొన్ని సెంట్ల నుంచి మూడు డాలర్ల లోపు ధర.

పద్ధతి రాతి అచ్చు. సున్నపురాయి పలక మీద జిడ్డు పెన్సిల్‌తో గీసి, తడిపి, సిరా రుద్ది, కాగితం మీద నల్లగా అచ్చు తీసేవారు. రంగు చేత్తో వేసేవారు. పొడవాటి బల్ల చుట్టూ ఆడవాళ్లు కూర్చునేవారు, వాళ్లలో చాలామంది జర్మనీ నుంచి వచ్చినవాళ్లు. మధ్యలో నమూనా బొమ్మ. ఒకామె ఆకాశపు నీలం వేసి పక్కకు జరిపితే, పక్కామె గుర్రానికి గోధుమరంగు, ఆ పక్కామె తోలేవాడి చొక్కాకి ఎరుపు. ఇది గుర్తుంచుకోండి, నకిలీని పట్టుకోవడానికి ఇదే పనికొస్తుంది.

బోస్టన్‌లో హాస్కెల్ అండ్ ఆలెన్, హార్ట్‌ఫర్డ్‌లో కెలాగ్ సోదరులు కూడా గుర్రాల్ని వేశారు. పేరు తక్కువ కాబట్టి ధరా తక్కువ. బొమ్మ నచ్చితే పేరు చూసి వెనక్కి తగ్గకండి.

ఒంటరి గుర్రం బొమ్మలు

ఇక పోలికలోకి వద్దాం. అమ్మకానికి వచ్చేవాటిని నేను నాలుగు తెగలుగా చూస్తాను. నా ఓటు మొదటి తెగకే కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఒంటరి గుర్రం బొమ్మలో కథ ఏమీ ఉండదు. పక్కనుంచి చూసిన గుర్రం, వెనక సల్కీ. సల్కీ అంటే రెండు చక్రాల మీద ఒక్క మనిషికి చాలే ఆసనం, అంతే. జట్కాకి టాపు, పక్కలు, పలకలు అన్నీ ఊడదీసి ఎముకల గూడు మిగిల్చినట్టు ఉంటుంది. తోలేవాడు గుర్రం తోక ఒళ్లో పడేంత దగ్గరగా కూర్చుని, కాళ్లు రెండు పక్కలకూ చాపి, వెనక్కి వాలి పగ్గాలు లాగిపట్టి ఉంటాడు. వెనక ఒక కంచె, లేత ఆకుపచ్చ గడ్డి, దూరంగా మసకగా కట్టడాలు. అంతా నిశ్శబ్దం. కింద పేరు, తండ్రి పేరు, తోలినవాడి పేరు, ఊరు, తేదీ, అంకె.

ఇది నిజానికి గోడకు తగిలించుకునే వార్తాపత్రిక. ఆ కాలపు పత్రికల్లో ఫోటోలు వేసే వీలు లేదు. కలమజూ అనే ఊళ్లో ఏదో గుర్రం రికార్డు కొట్టిందని చదివినవాడికి, ఆ గుర్రం ఎలా ఉంటుందో చూపించింది ఈ కాగితాలే. ఆ గుర్రం మళ్లీ వేగం పెంచితే కొత్త అంకెతో కొత్త బొమ్మ వచ్చేది. అందుకే ఒకే గుర్రానికి రెండు మూడు బొమ్మలు, రెండు మూడు అంకెలతో దొరుకుతాయి. అలాంటప్పుడు ఏది తీసుకోవాలంటే, ఆ గుర్రం అత్యుత్తమ అంకె ఉన్నది తీసుకోమని అందరూ అంటారు. నేను మాత్రం ఓడిపోయిన అంకె ఉన్నది కనిపిస్తే వదలను. దాన్ని కొన్నవాడు అదే చివరి మాట అనుకుని ఉంటాడు పాపం.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ 1884 ఆగస్టు. ఆ నెల 1వ తేదీన ప్రావిడెన్స్‌లో జే-ఐ-సీ అనే నల్లటి గుర్రం సరిగ్గా 2.10లో మైలు దాటి ప్రపంచ రికార్డు కొట్టింది. పేరు వింతగా ఉందా? యజమాని జెరోమ్ ఐ. కేస్, ఆయన పొడి అక్షరాలు జె.ఐ.సి., వాటిని పలికినట్టే గుర్రానికి పెట్టుకున్నాడు. విస్కాన్సిన్ రాసిన్‌లో నూర్పిడి యంత్రాలు చేసినాయన. మన దగ్గర రోడ్డు పనుల్లో కనిపించే కేస్ యంత్రాల మీద ఉన్నది ఆయన ఇంటిపేరే. ఆ రికార్డు ఎన్నాళ్లు నిలిచింది? ఒక్క రోజు. 2వ తేదీన క్లీవ్‌లాండ్‌లో మాడ్ ఎస్. అనే ఆడగుర్రం 2.09¾ చేసింది. మరుసటేడు అదే ఊళ్లో 2.08¾కి దింపింది. ఆ మధ్యలోనే యజమాని విలియం వాండర్‌బిల్ట్ దాన్ని పత్రికాధిపతి రాబర్ట్ బానర్‌కి 40,000 డాలర్లకు అమ్మాడు. బానర్ తన గుర్రాలను డబ్బు పందేలకు ఎప్పుడూ దింపేవాడు కాదు. అంతకుముందు 1867లో డెక్స్‌టర్‌ని 33,000 డాలర్లకు కొన్నప్పుడూ అదే పని చేశాడు, గెలుస్తున్న గుర్రాన్ని మైదానం నుంచి తీసుకెళ్లి రోడ్డు మీద సరదాగా తోలుకున్నాడు. నాలుగు కాళ్లకూ తెల్ల మేజోళ్లు తొడిగినట్టుండే గుర్రం కనిపిస్తే అది డెక్స్‌టర్ కావచ్చు, కింద పేరు చూసుకోండి.

ధర విషయంలోనూ ఈ తెగే మేలు. లెక్కలేనన్ని అచ్చు వేశారు కాబట్టి చిన్న సైజు అసలు ప్రతి కొన్ని వందల డాలర్లలో దొరుకుతుంది. లోపమల్లా ఒక్కటే, గది అవతలి మూల నుంచి చూస్తే ఏమీ కనబడదు. దగ్గరికెళ్లి చదువుకోవాల్సిన బొమ్మ ఇది. సోఫా వెనక పెద్ద గోడకు పనికిరాదు. రాసుకునే బల్ల పక్కన పెట్టాలి.

పందెం బొమ్మలు

రెండు మూడు గుర్రాలు పక్కపక్కన దూసుకుపోతూ ఉంటాయి. హడావిడి ఎక్కువ. కింద రాత కూడా పొడుగు: మైలు చొప్పున హీట్లు (విడతలు), ఐదింట మూడు గెలవాలి, సల్కీతోనా, నాలుగు చక్రాల బండితోనా, జీనుతోనా, బహుమతి ఎంత, ఒక్కో హీట్‌కి పట్టిన సమయం ఎంత. ఒక మధ్యాహ్నంలో అదే గుర్రం మూడు, నాలుగు, ఒక్కోసారి ఐదు మైళ్లు విడివిడిగా పోటీ పడేది. దీంట్లో సత్తువ ఎంత కావాలో ఆ మూడు అంకెలూ వరసగా చదివితే తెలుస్తుంది.

ఈ తెగలో ఒకటే కొనాలంటే 1867 జూన్ 21 నాటి పందెం బొమ్మ వెతకమంటాను. లాంగ్ ఐలాండ్ ఫ్యాషన్ కోర్స్‌లో డెక్స్‌టర్ ఒక్కటీ ఒక పక్క, ఈథన్ ఆలెన్‌కి తోడుగా మరో గుర్రం కట్టిన జోడీ ఇంకో పక్క. ఆ తోడు గుర్రానికి దౌడు తీయడానికి అనుమతి ఉంది! బరువు అది లాగుతుంటే ఈథన్ ఆలెన్ పక్కన హాయిగా ట్రాట్ చేస్తూ 2.15, 2.16, 2.19లలో మూడు హీట్లూ గెలిచేసింది. బొమ్మలో ఆ రెండు గుర్రాల కాళ్లు పోల్చి చూడండి, ట్రాట్‌కీ దౌడుకీ తేడా ఒకే జోడీలో దొరుకుతుంది. పిల్లలకు చూపించడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

మిగతా పందెం బొమ్మలు చూసి చూసి కొనాలి. చాలావాటిలో గుర్రాలన్నీ ఒకే అచ్చు నుంచి దిగినట్టుంటాయి, రంగులే వేరు.

రోడ్డు, మంచు

మా తమ్ముడు అడిగిన నాలుగు వేల డాలర్ల బొమ్మ ఈ తెగది. ఇవి పెద్ద సైజువి, చూడగానే పడిపోతాం. పందెపు మైదానం కాదు, ఊరి రోడ్డు. సాయంత్రం పని ముగించుకున్న న్యూయార్క్ షావుకార్లు మాన్‌హట్టన్ ఉత్తరాన హార్లెమ్ లేన్‌కి తమ గుర్రాలను తోలుకుని వచ్చి, ఎదురైనవాడితో అప్పటికప్పుడు పోటీ పడేవారు. 1870లో జాన్ కామెరాన్ గీసిన హార్లెమ్ లేన్ బొమ్మలో మాడ్ ఎస్. యజమాని విలియం తండ్రి, కమొడోర్ వాండర్‌బిల్ట్, స్వయంగా పగ్గాలు పట్టుకుని ఉంటాడు. దుమ్ము రేగుతోంది, గడ్డాలు ఎగురుతున్నాయి, టోపీలు మాత్రం కదలవు. ఆ వీధి ఇప్పుడు సెయింట్ నికొలస్ అవెన్యూ. మీలో కొందరు అక్కడ పార్కింగ్ దొరక్క తిరిగినవాళ్లే అయ్యుంటారు.

మంచు బొమ్మలు వీటికంటే ప్రియం. సల్కీ బదులు చక్రాల్లేని స్లెడ్జి బండి, గుర్రాల మెడలకు గంటలు, మూతుల ముందు ఆవిరి, పక్కనున్న అమ్మాయి ఒళ్లో బొచ్చు కంబళి. లూయీ మౌరర్ 1858లో వేసిన మంచు ట్రాటర్ల బొమ్మ, థామస్ వర్త్ 1867లో వేసిన మంచు పోటీ బొమ్మ పేరున్నవి. మౌరర్ జర్మనీలో పుట్టి, వందేళ్లు నిండాక 1932లో పోయాడు. గుర్రపు కాలి కీలు ఎక్కడ వంగుతుందో తెలిసి గీసిన చెయ్యి ఆయనది. గిట్టకి పైనున్న చీలమండ దగ్గర చర్మం ముడత కూడా కనిపిస్తుంది. వర్త్‌కి మనుషుల మీద చూపెక్కువ, ఆయన గుర్రాలు కాస్త నవ్వులాటగా ఉంటాయి. ఇద్దరిలో ఒకరినే ఎంచుకోవాల్సి వస్తే నాది మౌరర్.

గోడ నిండాలి, వచ్చినవాళ్లు ఆగి చూడాలి, డబ్బుకి వెనకాడను అంటే ఈ తెగ తీసుకోండి. నాకైతే ఇవి కొంచెం డాబుసరిగా అనిపిస్తాయి. డబ్బున్నవాళ్లని డబ్బున్నవాళ్లకే చూపించే బొమ్మలు. లేడీ సఫోక్ ఆల్చిప్పల బండి వాసన ఇక్కడ రాదు.

నాలుగో తెగ హాస్యం. ముసలి గుర్రం కుర్రవాళ్లను ఓడించడం, చక్రం ఊడి పందెగాడు గుంటలో పడటం లాంటివి. చవక. కానీ ఒక హెచ్చరిక. 1870ల చివరి నుంచి ఇదే సంస్థ నల్లజాతివాళ్లను వెక్కిరిస్తూ 'డార్క్‌టౌన్' పేరుతో బొమ్మల వరస ఒకటి తెచ్చింది. అందులోనూ గుర్రప్పందేలున్నాయి. ఆ కాలంలో బాగా అమ్ముడుపోయాయి. అమ్మేవాళ్లు సరదా బొమ్మ అంటూ అంటగడతారు. నేను కొనను, కొనమని చెప్పను.

అసలా, నకలా

పదేళ్ల కిందట పాత సామాన్ల సంతలో ఒకాయన దగ్గర ఫ్లోరా టెంపుల్ బొమ్మ కొన్నాను. తోక కత్తిరించిన పొట్టి ఆడగుర్రం. 1859 అక్టోబరు 15న మిషిగన్ కలమజూలో 2.19¾ చేసి 2.20 లోపలికి వచ్చిన మొదటి గుర్రం. ఫ్రేమ్ పాతది, గాజు మీద బుడగలు, వెనక చెక్క పలక, తుప్పు మేకులు. 180 డాలర్లు ఇచ్చాను, బేరం గెలిచాననుకున్నాను. ఇంటికొచ్చి కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూస్తే గుర్రం పొట్ట మీద చిన్న చిన్న చుక్కలు. ఎరుపు, నీలం, పసుపు, వరసలు తీర్చి, ఆదివారం పేపరు సినిమా పేజీలో ఉన్నట్టే. ఆఫ్‌సెట్ అచ్చు. పాత ఫ్రేమ్‌లో పాత క్యాలెండర్ పేజీ. 1930ల నుంచి కొన్ని దశాబ్దాల పాటు ట్రావెలర్స్ బీమా కంపెనీ ఏటా ఈ బొమ్మలతో క్యాలెండర్లు పంచింది, అలాంటి పేజీలు దేశమంతా ఫ్రేముల్లో దూరి ఉన్నాయి.

కాబట్టి పది రెట్లు పెద్దది చేసే భూతద్దం ఒకటి కొని జేబులో వేసుకోండి. రాతి అచ్చులో చుక్కల వరసలు ఉండవు. రాయి గరుకుదనం వల్ల నల్లగీత ఇసుక చల్లినట్టు, ఎక్కడికక్కడ వేరుగా ఉంటుంది. రంగు దానిపైన విడిగా, పలచగా, నీళ్ల రంగులా కూర్చుని ఉంటుంది. గీత దాటి కాస్త బయటికి పోయిన చోట్లు కనిపిస్తే సంతోషించండి. బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ చెయ్యి తొందరపడిందన్నమాట. చివరి దశాబ్దాల్లో సంస్థ రంగుల్ని కూడా రాతి మీదనుంచే అచ్చు వేసింది, అప్పుడు చేతి జాడ తక్కువ. అయినా ఆ తీర్చిన చుక్కలైతే ఉండవు.

తర్వాత కొలత. చిన్న సైజు బొమ్మ భాగం సుమారు 8 అంగుళాలకు 12½. పెద్దది 14 అంగుళాలకు 20 కంటే ఎక్కువ. నకళ్లు ఈ కొలతలకు అటూ ఇటూ అవుతాయి. చుట్టూ ఉన్న తెల్ల అంచు కత్తిరించి ఉంటే అసలుదైనా ధర పడిపోతుంది. ఫ్రేమ్‌లోంచి తీసి చూపించనన్నవాడి దగ్గర కొనకండి. ఆ మాటలోనే సమాధానం ఉంది.

అడుగున ఉన్న రాత కూడా చెబుతుంది. ఒక్క 'ఎన్. కరియర్' పేరే ఉంటే 1857కి ముందుది. 'కాంగ్రెస్ చట్టం ప్రకారం ఫలానా ఏడాది నమోదు' అనే పొడుగు వాక్యం పాత పద్ధతి. 1874లో చట్టం మారాక 'కాపీరైట్' అనే ఒక్క మాట, ఏడాది, పేరు వేస్తే సరిపోయింది.

చక్రం చూడండి

ఇది ఎవరూ చెప్పరు, నాకు మాత్రం ఎప్పుడూ పనికొస్తుంది. సల్కీ చక్రాలు ఎత్తుగా, సన్నటి కర్ర ఆకులతో, తోలేవాడి నడుం దాకా ఉంటే పాత కాలం. చక్రాలు చిన్నవై, సైకిల్ చక్రాల్లా గాలి టైర్లతో ఉంటే 1892 తర్వాత. ఆ ఏడే నాన్సీ హాంక్స్ అనే ఆడగుర్రం, లింకన్ తల్లి పేరు పెట్టుకున్నది, ఆ కొత్త బండితో టెర్రహోట్‌లో 2.04 చేసింది. అంతకుముందు ఏడాది రికార్డు 2.08¼. ఒక్కసారిగా నాలుగు సెకన్లు పైగా తగ్గాయంటే గుర్రం గొప్పతనం ఎంత, టైరు గొప్పతనం ఎంత అని అప్పుడే వాదించుకున్నారు. లేడీ సఫోక్ పేరు కింద సైకిల్ చక్రాలు కనిపించాయా, దండం పెట్టి వచ్చేయండి.

ఇంకో దారీ ఉంది, కొనకపోవడం. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ ఈ బొమ్మలు చాలావాటిని పెద్ద సైజు ఫైళ్లుగా నెట్‌లో ఉచితంగా పెట్టింది. హక్కుల గొడవ లేదు. దింపుకుని, మంచి మందపాటి కాగితం మీద ప్రింటు వేయించుకుంటే ఖర్చు ఒక భోజనమంత. మంచు బొమ్మ మీద మనసుపడ్డవాళ్లకి నా మొదటి సలహా ఇదే. నలభై డాలర్లు పెట్టి ఎవరో వేసిన మసక నకలు కొనడం కంటే వంద రెట్లు నయం. నిజం గుర్రమే కావాలి, బొమ్మ వద్దు అంటారా, 1878 జూన్‌లో పాలో ఆల్టోలో మయ్‌బ్రిడ్జ్ అనే ఫోటోగ్రాఫర్ తీసిన, ఏబ్ ఎడ్జింగ్టన్ అనే గుర్రం ట్రాటింగ్ ఫోటోల ఫైళ్లు కూడా దొరుకుతాయి. నాలుగు కాళ్లూ గాల్లో ఉన్న క్షణం అందులో తేటతెల్లంగా ఉంది.

ఏ గుర్రం

అసలు ప్రతే కావాలి, చిన్న గోడ, మధ్యరకం బడ్జెట్ అంటే గోల్డ్‌స్మిత్ మెయిడ్ వెతకండి. 1857లో పుట్టి, ఎనిమిదేళ్లకి గానీ పందేల్లోకి రాలేదు, ఇరవయ్యేళ్ల వయసు దాకా మైదానం వదల్లేదు. 1874లో బోస్టన్ దగ్గర 2.14 చేసినప్పుడు దానికి పదిహేడేళ్లు. గెలిచిన సొమ్ము మూడున్నర లక్షల డాలర్లు దాటింది. తోలింది బడ్ డోబుల్, తర్వాత నాన్సీ హాంక్స్‌ని తోలిందీ ఆయనే. ఈ గుర్రానికి బొమ్మలు బోలెడు ఉన్నాయి కాబట్టి తొందరపడక్కర్లేదు, శుభ్రమైన ప్రతి వచ్చేదాకా ఆగవచ్చు. లేడీ సఫోక్ బొమ్మలు పాతవి, ప్రియం. మాడ్ ఎస్. పేరు మోగిపోయింది గనక అమ్మేవాళ్లు ధర చెప్పేటప్పుడు గొంతు సవరించుకుంటారు. జే-ఐ-సీ మీద ఎవరికీ పెద్దగా ఆశ ఉండదు. ఒక్క రోజు రాజుకి ఎవరు డబ్బులిస్తారు? నేనిస్తాను.

పటం కట్టించడం

అసలు ప్రతి దొరికాక ఇక్కడ పొదుపు చేయకండి. పాత చెక్క పలక వెనక ఉంటే వెంటనే తీసేయండి, దాని ఆమ్లం కాగితంలోకి దిగి గోధుమరంగు చారలు కొడుతుంది. ఆమ్లం లేని అట్ట వేయించాలి, గాజు బొమ్మకి తగలకుండా మధ్యలో ఖాళీ ఉండాలి. కాగితాన్ని అట్టకి జిగురుతో అంటిస్తానంటే ఒప్పుకోకండి, పైన రెండు చిన్న కాగితపు మడతలతో వేలాడదీయమనండి. ఎండ పడే గోడ వద్దు. చేత్తో వేసిన రంగులు వెలిసిపోతాయి. ఊరికి తీసుకెళ్లి విశాఖలోనో కాకినాడలోనో పెడదామనుకునేవాళ్లు ఇంకాస్త ఆలోచించండి. సముద్రపు తేమకి కాగితం మీద తుప్పు రంగు మచ్చలు లేస్తాయి, మన గోడలు వానాకాలం చెమ్మెక్కితే ఇక చెప్పేదేముంది. అక్కడికి లైబ్రరీ ఫైలు ప్రింటు పంపించి, అసలుదాన్ని ఇక్కడే ఉంచుకోండి.

మా తమ్ముడు ఇదంతా చదివి, చివరికి హార్లెమ్ లేన్ బొమ్మ ఫైలు దింపి మూడడుగుల ప్రింటు వేయించాడు. నేను మందలించలేదు, ఆ గోడకి అదే బాగుంది. నా 180 డాలర్ల ఫ్లోరా టెంపుల్ క్యాలెండర్ పేజీ వంటింట్లో పోపులపెట్టె పైన వేలాడుతోంది. దాని మీద ఎండ పడినా, నూనె చిందినా నాకు దిగుల్లేదు. కింద అంకె మాత్రం సరిగ్గానే ఉంది, 2.19¾.